జెల్ వచ్చే దువ్వెన మొరాయిస్తోంది, ఏం చెయ్యాలి?

సఖినేటిపల్లి అమ్మ:
మా అమ్మాయి రోజూ రేవు దాటి నరసాపురం కాలేజీకి వెళ్తుందండి. పంటు (రేవు దాటించే పడవ) మీద గాలికి జుట్టంతా రేగిపోతోందని, పిడిలో జెల్ పోసుకునే దువ్వెన ఒకటి తెప్పించుకుంది. మీట నొక్కితే పళ్ల మొదట్లో ఉన్న చిల్లుల్లోంచి జెల్ వస్తుంది, దువ్వుకుంటూ పోవడమే. రెండు నెలలు బాగానే పనిచేసింది. వారం నుంచి పొద్దున్నే నొక్కితే ఏమీ రాదు, గట్టిగా నొక్కితే ఒక్కసారిగా ముద్ద పడుతుంది. మొన్న పరీక్ష రోజున ఆ ముద్ద సరిగ్గా పాపిట్లో పడింది, ఏడుపొకటే తక్కువ. అమ్మిన వాళ్లకి ఫోన్ చేస్తే కొత్తది కొనుక్కోమంటున్నారు. బాగుచేసుకునే దారి ఏమైనా ఉందా?

రావులపాలెం కుర్రాడు:
గుండుసూదితో చిల్లులు పొడవండి ఆంటీ. రాకపోతే నెయిల్ పాలిష్ రిమూవర్‌లో నానబెట్టండి. ఎలాంటిదైనా కరిగిపోతుంది.

ఆచంట స్ప్రేయర్ మెకానిక్:
కరిగిపోతుంది బాబూ, దువ్వెనతో సహా. రిమూవర్‌లో సాధారణంగా ఉండేది అసిటోను. ఇలాంటి ప్లాస్టిక్కులు చాలావాటిని అది మెత్తబరిచి జిగురు చేసేస్తుంది. సూది కూడా వద్దమ్మా. నేను చేలల్లో మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తాను. నాజిల్‌లో సూది పెట్టిన రైతు వారం తిరక్కుండా మళ్లీ నా కొట్టుకే వస్తాడు. చిల్లు సాగిపోతుంది మరి. దువ్వెనలో ఒక చిల్లు సాగితే జెల్ అంతా ఆ దారినే పోతుంది, పక్కవి ఎండిపోయి ఇంకా బిగుస్తాయి.
ముందు ఒక్క సంగతి చెప్పండి. అందులో జెల్ ఒక్కటే పోశారా? ఆ పడిన ముద్ద ఏ రంగులో ఉంది?

సఖినేటిపల్లి అమ్మ:
ఆయ్, అడిగారు కాబట్టి చెప్తున్నానండి. జెల్ అయిపోయింది, ఖాళీగా ఎందుకని సంక్రాంతి ముందు నేనే కొబ్బరినూనె పోశాను. అంబాజీపేట నుంచి తెచ్చిన గానుగ నూనె, మంచిది. అమ్మాయికి చెప్పలేదు. ముద్ద తెల్లగానే ఉంది.

ఆచంట స్ప్రేయర్ మెకానిక్:
దొరికింది దొంగ. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి దిగితే పేరుకుంటుంది. పండగ రోజుల్లో తెల్లవారుజామున మీ ఇంట్లో నూనె సీసా ఎలా ఉంటుందో దువ్వెన పిడిలోనూ అంతే. మధ్యాహ్నం ఎండకి కరిగి మళ్లీ బాగానే వస్తుంటుంది, చూడండి.
కానీ కథ అక్కడితో అయిపోలేదు. జెల్‌లో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లు ఆరిపోతే సన్నటి పొర మిగులుతుంది. జుట్టుని పట్టి ఉంచేదీ ఆ పొరే, చిల్లుల్ని మూసేదీ ఆ పొరే. ఉత్త జెల్ అయితే గోరువెచ్చటి నీళ్లలో నానేస్తే వదిలేసేది. మీరేమో దాని మీద నూనె పూశారు. ఇప్పుడు నీళ్లు దాని దాకా చేరవు. అందుకని ముందు నూనె పోవాలి, తరవాతే జెల్.
పళ్లకి చుట్టుకున్న వెంట్రుకలు తీసెయ్యండి. మిగిలిన నూనె ఒంపెయ్యండి. పసిపిల్లలకి పోసే పాటి వేడి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు కలిపి పిడిలో నింపి, అరగంట వదిలి, పాతిక సార్లు నొక్కండి. నురగ పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చి మళ్లీ మళ్లీ నొక్కాలి. మరిగే నీళ్లు మాత్రం పొయ్యకండి, పళ్ల కింద ఉండే రబ్బరు మెత్త అతుకు ఊడిపోతుంది.
లోపల ఉండేది హ్యాండ్‌వాష్ సీసా మూతలో ఉండే పంపు లాంటిదే. నొక్కితే పైకి తోస్తుంది, వదిలితే స్ప్రింగు లేచి కింద నుంచి లాగుతుంది. కొత్తగా నింపాక మొదట గాలే వస్తుంది. పదిహేను సార్లు నొక్కేదాకా ఓపిక పట్టండి. చెడిపోయిందనుకుని బలం చూపిస్తేనే మీట విరుగుతుంది.

పాలకొల్లు పార్లర్ అక్క:
బాబాయ్ గారు చెప్పింది బాగుంది. నేనొకటి కలుపుతాను. కొంతమంది ఇందులో సీరం పోస్తారు. సీరం చాలావరకు సిలికాన్ నూనెలు, ఉత్త నీళ్లకి పోదు. పైగా లోపలి వాషరు సిలికాన్ రబ్బరుదైతే ఆ నూనెకి ఉబ్బిపోతుంది. మీట బిగుసుకుపోవడానికి అదీ ఒక కారణం. జెల్ పోసిన దువ్వెనలో జెల్లే పొయ్యండి.
ఇంకో మాట, జెల్ తలకి కాదు, జుట్టుకి. మాడు దగ్గర నొక్కితే ఎండాక తెల్లటి పొట్టు రాలుతుంది, చుండ్రనుకుని నా దగ్గరికొస్తారు. చెవుల కిందినుంచి మొదలెట్టి ఒక్కసారి నొక్కితే చాలు. దువ్వెన స్నేహితురాళ్లకి ఇవ్వొద్దని కూడా చెప్పండి. పేలు ఎక్కితే జెల్‌కి ఏమీ చావవు.

మస్కట్‌లో రాజోలు వాడు:
మధ్యలో నాదొకటి. వచ్చే నెల మా ఆవిడ వస్తోంది. ఇది హ్యాండ్ బ్యాగులో తేవచ్చా?

పాలకొల్లు పార్లర్ అక్క:
విదేశాల విమానానికి చేతి సంచీలో ద్రవాలు, జెల్‌లు ఒక్కోటి 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇంత చిన్న పిడిలో అంత పట్టదు లెండి. పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, పిడిలో ఉన్న గాలి ఉబ్బి జెల్‌ని బయటికి తోస్తుంది. జిప్పు కవరులో పెట్టి తెమ్మనండి. ఖాళీగా తేవడం ఇంకా సుఖం.

సఖినేటిపల్లి అమ్మ:
మూడు రోజులయింది. మీరన్నట్టే కడిగాను, పంపు చక్కగా ఆడుతోంది. కొత్త జెల్ పోశాను. ఇప్పుడేమో గంజిలా నీళ్లగా కారుతోందండీ. అదే జెల్ డబ్బాలో గట్టిగానే ఉంది!

ఆచంట స్ప్రేయర్ మెకానిక్:
ఏ నీళ్లతో కడిగారమ్మా?

సఖినేటిపల్లి అమ్మ:
బోరు నీళ్లతోనే. మాకు సముద్రం దగ్గర కదా, కాస్త ఉప్పగా ఉంటాయి.

పాలకొల్లు పార్లర్ అక్క:
అయితే ఇది నాకు తెలుసు. డబ్బా మీద కార్బోమర్ అని ఉందేమో చూడండి. జెల్ చిక్కగా నిలబడేది దానివల్లే, దానికి ఉప్పు తగిలితే పట్టు వదిలేస్తుంది. కావాలంటే సాసరులో చెంచాడు జెల్ వేసి చిటికెడు ఉప్పు చల్లి కలపండి, కళ్లముందే జారిపోతుంది. మీ పిడిలో మిగిలిన బోరు నీళ్లు చేసిన పని అదే. ఆఖరి రెండు కడుగులు తాగే టిన్ను నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు నింపండి.

రావులపాలెం కుర్రాడు:
అంటే జెల్ ఎండి బిగిసినప్పుడు సూదికి బదులు ఉప్పునీళ్లు పొయ్యొచ్చన్నమాట!

ఆచంట స్ప్రేయర్ మెకానిక్:
ఇన్నాళ్టికి ఒక మంచి మాటన్నావు. పొయ్యొచ్చు, కాని లోపల స్ప్రింగు ఇనుముదైతే తుప్పు పడుతుంది. వెంటనే మంచినీళ్లతో కడిగెయ్యాలి.

సఖినేటిపల్లి అమ్మ:
డబ్బా మీద కార్బోమర్ ఉందండి. టిన్ను నీళ్లతో కడిగి, ఒక రాత్రంతా బోర్లించి ఆరబెట్టి నింపాను. ఈ పొద్దున్న రేవుకి వెళ్లేముందు దువ్వుకుంది, గట్టి జెల్లే వచ్చింది. నూనె సంగతి మాత్రం దాగలేదు. దువ్వెన వాసన చూసి, "అమ్మా, ఇందులో కొబ్బరినూనె పోశావా?" అంది.