9 నెలల బాబుకు మోషన్స్, పాలు ఆపేయాలా?

దేవరకొండ అమ్మ:
మా బాబుకు నిన్న సాయంత్రం నుంచి నీళ్లలాగా మోషన్స్, ఇప్పటికి ఆరుసార్లు అయ్యాయి, పొద్దున రెండుసార్లు కక్కుకున్నాడు. జ్వరం లేదు. మా అత్తమ్మ పాలు ఆపేసి సగ్గుబియ్యం నీళ్లే పోయమంటోంది, పాలు పడితే ఇంకా ఎక్కువవుతాయట. వాడేమో నా కొంగు పట్టుకొని గుంజుతూ ఏడుస్తున్నాడు, చూడలేకపోతున్నా. పాలు ఇవ్వొచ్చా, బువ్వ పెట్టొచ్చా? ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి ఇంట్లో ఉంది, గ్లాసు నీళ్లలో కొంచెం పొడి వేసి కలిపితే సరిపోతుందా? ఎవరైనా తొందరగా చెప్పండి.

పాలమూరు అక్క:
చెల్లె, గ్లాసులో అందాజాగా కలపకు. మా పాపకు 11 నెలలప్పుడు నేను అదే చేశాను, ప్యాకెట్ వేస్ట్ అవుతుందని రెండు చెంచాల పొడి గ్లాసులో వేసి పట్టించా. పెదాలు ఎండిపోయి చెంచా కనబడితే చాలు నోరు తెరిచేది, అయినా ఒళ్లు తేలిపోతూనే ఉండె. ఏఎన్ఎం వచ్చి ఆ నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకొని, కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉన్నాయి, ఉప్పు ఎక్కువైతే పిల్లకే ప్రమాదం అని మొత్తం పారబోసింది. పెద్ద ప్యాకెట్ అయితే కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి, పొడి మొత్తం ఒకేసారి కలపాలి. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు ఉంటాయి, మీద రాసింది చూడు. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయి.

మోషన్ అయినప్పుడల్లా పావు కప్పు నుంచి అర కప్పు దాకా చెంచాతో పట్టు. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ నిదానంగా ఇవ్వు. పాలు మాత్రం ఆపకు, ఎప్పటికన్నా ఎక్కువసార్లు ఇవ్వు.

మిర్యాలగూడ, ఆశా వర్కర్:
అక్క చెప్పింది కరెక్టే. దాంతో పాటు జింక్ గోలీలు కూడా వేయాలమ్మా, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. చెంచాలో కొన్ని నీళ్లు గానీ నీ పాలు గానీ పోస్తే కరిగిపోతుంది. మోషన్స్ రెండు రోజులకే తగ్గినా కోర్సు మధ్యలో ఆపొద్దు, చాలామంది అక్కడే వదిలేస్తారు. మీ ఊరి ఆశా దగ్గర గానీ పీహెచ్‌సీలో గానీ ఫ్రీగా ఇస్తారు, బాబును కూడా ఒకసారి చూపించినట్టుంటుంది. మోషన్లు ఆపే మందు మెడికల్ షాపులో అడిగి మాత్రం వేయకండి. కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలు ఒంటికి పోయకపోయినా, మబ్బుగా పడుకొని పాలు పట్టకపోయినా, మోషన్‌లో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచుకోవద్దు, 108కి ఫోన్ చేయండి.

నకిరేకల్ నాన్న:
షాపులో దొరికే తియ్యటి డబ్బా డ్రింకులు తేకండి, వాటిలో చక్కెర ఎక్కువ, మోషన్స్ ఇంకా పెరుగుతాయి. వాటి మీద ఓఆర్ఎస్ అని పేరు వేయొద్దని 2025 అక్టోబరులో కేంద్రం ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్డరే ఇచ్చింది. దీని కోసం హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి కొట్లాడింది.

తిండి సంగతి, మా ఇంట్లో బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి ఒక చెంచా నెయ్యి వేసి గరిటెతో మెదిపి పెడతాం. పెరుగన్నం, మెదిపిన అరటిపండు కూడా పెట్టొచ్చు. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు.

దేవరకొండ అమ్మ:
లీటరు బాటిల్‌తో కొలిచి కలిపాను అక్కా, మా అత్తమ్మతోనే చెంచాతో పట్టిస్తున్నా, ఆమెకూ ధైర్యం వచ్చింది. కక్కలేదు. ఇందాక ఒంటికి పోశాడు. పాలు తాగి పడుకున్నాడు, లేచాక జింక్ కోసం పీహెచ్‌సీకి పోతున్నాం.

మిర్యాలగూడ, ఆశా వర్కర్:
మంచిగైందమ్మా. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒకపూట ఎక్కువ తినిపించు, తగ్గిన బరువు మళ్లీ ఎక్కుతాడు. పోయేటప్పుడు కలిపిన నీళ్లు, చెంచా వెంట తీసుకుపో.