ఎముకల ఇంజెక్షన్ నడుస్తుండగా పన్ను పీకించొచ్చా?

ప్రశ్న (కడప):
అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. రెండేళ్లుగా రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది, ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ 4 ఎంజీ సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. ఇప్పుడు కింది దవడ పన్ను పుచ్చి రాత్రిళ్లు నిద్ర లేదు. దగ్గర్లోని క్లినిక్‌లో ఏ మందులు వాడుతున్నారని కూడా అడక్కుండా, "కూర్చోండమ్మా, ఐదు నిమిషాల్లో పీకేస్తా" అన్నారు. నాకు భయమేసి వెనక్కి తీసుకొచ్చేశా. ఏం చేయాలి?

జవాబు (కర్నూలు, పళ్ల డాక్టర్):
మంచి పని చేశారు. లెట్రోజోల్‌తో ఈ భయం లేదు, దాన్ని ఆపకండి. చూసుకోవాల్సింది జోలెడ్రోనిక్‌నే. మన ఎముక ఎప్పటికప్పుడు అరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఆ అరుగుదలను ఈ మందు ఆపుతుంది కాబట్టే క్యాన్సర్ ఎముకను తినేయకుండా ఉంటుంది. కానీ పన్ను పీకిన గుంత మానాలన్నా ఆ పనే జరగాలి. జరక్కపోతే చిగురు మూసుకోదు, దవడ ఎముక బయటపడి చీము పడుతుంది. 2003 నుంచి వైద్య పత్రికల్లో ఇలాంటి కేసులు వస్తున్నాయి. అందరికీ రాదు. వస్తే మాత్రం నెలల తరబడి వదలదు, అదీ కింది దవడకే ఎక్కువ.

కాబట్టి ముందు ఎక్స్‌రే, వీలైతే రూట్ కెనాల్. పన్ను నిలిచేలా లేకపోయినా పైభాగం కోసేసి, వేళ్లను శుభ్రం చేసి మూసి లోపలే వదిలేయొచ్చు. చాలామందికి ఈ దారి ఉందనే తెలీదు. అందాకా నొప్పికి మెడికల్ షాపులో ఏదో ఒక మాత్ర కొనకండి. జోలెడ్రోనిక్ కిడ్నీల మీద కూడా భారమే, క్యాన్సర్ డాక్టర్‌ని అడిగి వేయండి.

అనంతపురం నుంచి:
అక్కా, మా నాయనకు పన్ను పీకలేదు, కట్టుడు పళ్లు ఒరుసుకునే పుండైంది. బిగువుగా ఉంటే వెంటనే సరిచేయించండి, రాత్రిపూట తీసేయమనండి.

ప్రశ్న అడిగినవారు:
ఇంజెక్షన్ ఒక నెల ఆపి పీకిస్తే?

కర్నూలు డాక్టర్:
జోలెడ్రోనిక్ ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుందమ్మా, నెల ఆపినంత మాత్రాన పోదు. ఆపాలా వద్దా అన్నది క్యాన్సర్ డాక్టర్ చెప్పాలి. ఎముకలకే ఇచ్చే మరో ఇంజెక్షన్ డెనోసుమాబ్ వాడేవాళ్లయితే అసలు సొంతంగా ఆపకూడదు, వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. మీ కడపలోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. డిశ్చార్జ్ కాగితాలు, చివరి ఇంజెక్షన్ తేదీ తీసుకెళ్లండి. కింది పెదవి మొద్దుబారినట్టున్నా, చీము కనిపించినా వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.