ఈవెంట్ కెమెరా, మామూలు కెమెరా కలిపితే దగ్గరి బండ్ల మీద తేడా వస్తోంది, సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం కారు ముందు అద్దం వెనక రెండు కెమెరాలు పక్కపక్కన బిగించాను. ఒకటి సెకనుకు 20 ఫ్రేములు తీసే మామూలుది, రెండోది ఈవెంట్ కెమెరా. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 50 మిల్లీసెకన్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్తలోనే కారు 80 సెంటీమీటర్ల పైనే వెళ్లిపోతుంది. రోడ్డుకి అడ్డం వచ్చిన మనిషికి అది చిన్న దూరం కాదు. ఈవెంట్ కెమెరాలో ఏ పిక్సెల్ దగ్గర వెలుతురు మారితే ఆ పిక్సెల్ అప్పుడే కబురు (దాన్నే ఈవెంట్ అంటారు) పంపుతుంది కాబట్టి ఆ ఖాళీ నిండుతుందని నా ఆశ. జూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో నేచర్ పత్రికలో చూపించింది ఇదే: 20 ఫ్రేముల కెమెరాకి ఈవెంట్లు తోడైతే 5,000 ఫ్రేముల కెమెరా అంత త్వరగా గుర్తించవచ్చని.

దూరపు లారీల మీద రెండు బొమ్మలూ చక్కగా కలుస్తున్నాయి. ఐదారు మీటర్లలోకి వచ్చిన బైకు మీద మాత్రం ఈవెంట్లు పక్కకి జరిగిపోతున్నాయి. ట్రిగర్ తీగతో సమయం కలిపాను, కాబట్టి తప్పు లెన్సుల మధ్య ఉన్న 6 సెంటీమీటర్ల ఎడానిదే అనుకుంటున్నాను. ప్రస్తుతం ఒకే హోమోగ్రఫీ (ఒక బొమ్మను రెండోదాని మీద సరిగ్గా కూర్చోబెట్టే లెక్క) అన్ని దూరాలకీ వాడుతున్నాను.

బీమ్ స్ప్లిటర్ (వచ్చే వెలుతురును రెండుగా చీల్చే అద్దం) పెడితే ఎడం పోతుంది, కానీ వెలుతురు రెండిటికీ పంచాలి. నాకు రాత్రి పరీక్షలే ముఖ్యం. లోతు, అంటే ఒక్కో వస్తువు ఎంత దూరంలో ఉందో, లెక్కగట్టి సరిదిద్దితే ఆలస్యం పెరుగుతుందేమోనని భయం. ఈ రెండిట్లో ఏదైనా స్వయంగా చేసి చూసినవాళ్లున్నారా? ఎల్ఈడీ దీపాల మిణుకు వల్ల కుప్పలుగా వచ్చే ఈవెంట్లను ఎలా వడగట్టారో కూడా చెప్పండి, దయచేసి.