న్యూమన్‌కు 1839లోనే సందేహం మొదలైతే 1845 దాకా ఎందుకు ఆగారు?

గ్రంథాలమూల (ప్రశ్న):
ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘపు) గురువుగా ఉన్న జాన్ హెన్రీ న్యూమన్ ఆ సంఘం విడిచి కథోలిక సంఘంలో చేరిన క్రమం మీద వ్యాసం రాస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, 1839 వేసవిలో మొదటి దెబ్బ తగిలిందని ఆయనే చెప్పుకున్నారు. చేరింది 1845 అక్టోబరు 9న. మధ్యలో ఆరేళ్లు ఏం చేసినట్టు? జీవనాధారం పోతుందన్న భయమా?
రెండు, ఆయన 1841లో రాసిన 90వ కరపత్రం మీద ఆక్స్‌ఫర్డ్ పెద్దలు, బిషప్పులు విరుచుకుపడితే విసిగి వెళ్లిపోయారని చాలామంది రాస్తారు. అందులో నిజమెంత?
మూడు, ఈ కాలాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన ఆత్మకథ ‘అపోలోజియా’ ఒక్కటీ చాలా?

పాతమహాసభలు:
ముందు ఆయన ఏ నేల మీద నిలబడ్డారో చూడండి. అది తెలియకపోతే ఎందుకు కూలిందో తెలియదు.

1837లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఆయన వాదం స్థూలంగా ఇది: తొలి శతాబ్దాల సంఘం నమ్మినదే కొలబద్ద. ప్రొటెస్టెంట్లు అందులోంచి తీసేశారు, రోమ్ దానికి చేర్చింది, ఇంగ్లండ్ సంఘం మధ్యేమార్గాన దాన్ని నిలుపుకుంది. అంటే బరువంతా ప్రాచీనత మీదే ఉంది. కాబట్టి ఆయన్ని కదిలించగలిగిందీ ప్రాచీన చరిత్రే. రోమ్ పక్షాన ఎవరెంత వాదించినా అప్పట్లో ఆయన చలించేవారు కాదు.

1839 వేసవిలో ఆయన ఏకస్వభావవాదుల (క్రీస్తుకు ఉన్నది ఒకే స్వభావమన్నవాళ్ల) వివాదం చదువుతున్నారు. అది అయిదో శతాబ్దం. దాన్ని తేల్చింది 451 నాటి కాల్సెడన్ మహాసభ, అంటే బిషప్పుల సమావేశం. ఒక కొసన ఆ వాదాన్ని తీవ్రంగా పట్టుకున్న యూటికస్ అనుచరులు, మరో కొసన రెండు స్వభావాలన్న పోపు లియో, నడుమ మితవాదులు. న్యూమన్ లెక్క ప్రకారం సత్యం నడిమి వర్గం దగ్గర ఉండాలి. కానీ ఆ మహాసభ తీర్పు లియో పక్షానే వెళ్లింది, నడిమివాళ్లు సంఘం బయట మిగిలారు. ఆ చరిత్ర అద్దంలా ఉందనీ, అందులో తన ముఖమే కనబడిందనీ, తానే ఏకస్వభావవాదినని తేలిందనీ ఆయన తర్వాత రాశారు.

రెండో దెబ్బ ఆ సెప్టెంబరులోనే. డొనాటిస్టుల (ప్రాచీన కాలంలో ఆఫ్రికాలో సంఘం నుంచి చీలిపోయిన వర్గం) మీద కథోలిక పండితుడు వైజ్‌మన్ రాసిన వ్యాసం డబ్లిన్ రివ్యూ పత్రికలో వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు అది ఆయనకు పెద్దగా ఆనలేదు. ఆఫ్రికాలో ఒకే ఊళ్లో పీఠానికి పోటీగా మరో పీఠం పెట్టుకున్నవాళ్ల గొడవకూ ఇంగ్లండ్ పరిస్థితికీ పోలికేమిటన్నది ఆయన అభ్యంతరం. అయితే ఆ వ్యాసంలో ఉదహరించిన పునీత అగుస్తీను మాట ఒకటి ఒక మిత్రుడు పదేపదే వినిపించాడు: లోకమంతటా వ్యాపించిన సంఘం ఇచ్చే తీర్పుకు తిరుగులేదు. ఇక్కడే మీ వ్యాసంలో కాస్త నిదానించండి. ప్రాచీనులు తమ కాలపు తగవులను పాత పుస్తకాలు తిరగేసి మాత్రమే తేల్చుకోలేదు, సంఘమంతా కలిసి ఇచ్చిన తీర్పుతో తేల్చుకున్నారు. ప్రాచీనతను కొలబద్దగా పట్టుకున్న మనిషికి ఆ ప్రాచీనతే వేరే కొలబద్దను చూపించింది. మధ్యేమార్గం అక్కడ పొడైపోయింది.

1841లో నాలుగో శతాబ్దపు బిషప్ అథనాసియస్ రచనలను అనువదిస్తూ, ఆయన ఎదిరించిన ఆరియన్ల (క్రీస్తు తండ్రితో సమానుడైన దేవుడు కాడన్నవాళ్ల) చరిత్రలోకి మళ్లీ వెళ్లినప్పుడు అదే బొమ్మ ఇంకా స్పష్టంగా కనబడింది: ఆరియన్ల చోట ప్రొటెస్టెంట్లు, అర్ధ ఆరియన్ల చోట ఆంగ్లికన్లు, రోమ్ మాత్రం అప్పుడెక్కడుందో ఇప్పుడూ అక్కడే.

ఓరియల్_మెట్లు:
రెండో ప్రశ్నకు జవాబు పై తేదీల్లోనే ఉంది. 90వ కరపత్రం వెలువడింది 1841 ఫిబ్రవరి 27న. సందేహం దానికి ఏడాదిన్నర ముందుది. కాబట్టి ‘గొడవ వల్ల సందేహం పుట్టింది’ అన్న వాక్యం నిలబడదు. అలాగని గొడవను కొట్టిపారేయడమూ తప్పే.

ఆ కరపత్రం ఎత్తుకున్న ప్రశ్న: ఇంగ్లండ్ సంఘపు 39 అధికరణాలకు (విశ్వాస సూత్రాలకు) సంతకం చేసినవాడు కథోలిక విశ్వాసాన్ని నమ్మవచ్చా? ఆయన వాదించిన తీరుకు 22వ అధికరణం మంచి ఉదాహరణ. అది ఉత్తరించు స్థలం (చనిపోయినవారి ఆత్మలు శుద్ధి పొందే స్థితి) మీద ‘రోమీయ బోధ’ను ఖండిస్తుంది. అధికరణాలు రూపొందింది 1563 మొదట్లో. రోమ్ పక్షపు ట్రెంట్ మహాసభ ఈ విషయం తేల్చింది అదే ఏడు డిసెంబరులో. అప్పటికి వెలువడని నిర్ణయాన్ని అధికరణం ఎలా ఖండిస్తుంది? ఖండించింది ఆనాడు వాడుకలో ఉన్న దురాచారాలనే, అంటారాయన. 31వ అధికరణం ఖండించే ‘పూజాబలుల’ విషయంలోనూ ఇదే ధోరణి. చదివినవాళ్లలో చాలామందికి ఇది సంతకం నుంచి తప్పించుకునే ఎత్తుగా తోచింది.

మార్చి 8న నలుగురు ట్యూటర్లు ఆ కరపత్రాన్ని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. వారం తిరిగేసరికి విశ్వవిద్యాలయ కళాశాలల పెద్దల మండలి కరపత్రాన్ని ఖండించింది. ఆక్స్‌ఫర్డ్ బిషప్ బాగట్ కరపత్రాల పరంపర ఆపమన్నారు, న్యూమన్ ఆపేశారు. 90వదాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు. బిషప్పులు దాన్ని ఖండించరన్న అవగాహన మీదే తాను సరేనన్నానని ఆయన భావన. తర్వాత బిషప్పులు ఒకరి వెంట ఒకరు తమ ప్రసంగాల్లో ఖండిస్తూ వచ్చారు.

దీనికన్నా యెరూషలేము వ్యవహారం ఎక్కువ లోతుగా తగిలిందని నా అభిప్రాయం. 1841లోనే ఇంగ్లండ్, ప్రష్యా కలిసి అక్కడ ఒక బిషప్‌ను నియమించాయి. లూథరన్, కాల్వినిస్టు విశ్వాసులు కూడా ఆయన కిందికి రావచ్చు. రోమ్‌కు దగ్గరగా ఉందని ఒక కరపత్రాన్ని ఖండించే బిషప్పులే, అపొస్తలుల వారసత్వాన్ని (బిషప్పుల అధికారం అపొస్తలుల నుంచి తెగకుండా వస్తోందన్న నమ్మకాన్ని) లెక్కచేయని సంఘాలతో పొత్తు పెట్టుకుంటున్నారు. నవంబరు 11న న్యూమన్ రాతపూర్వకంగా నిరసన తెలిపారు. చరిత్ర చదివి వచ్చిన సందేహానికి, కళ్లముందున్న సంఘం నడవడి ఇలా బలం చేకూర్చింది. ఈ రెండు పాయల్నీ విడివిడిగా చూపించి, కలిసిన చోటు చెప్పండి.

లిటిల్‌మోర్_దారి:
ఆరేళ్ల సంగతికి వస్తాను. భయం అన్న మాటతో అది తేలదు.

1839 చివరికే ఆయన ఒక నియమం పెట్టుకున్నారు: మనసు ఊగినంత మాత్రాన కదలకూడదు, బుద్ధి నిలకడగా చెప్పినప్పుడే కదలాలి. ఒకసారి చదివి కలిగిన కలవరం భ్రమ కావచ్చు కదా! పైగా సెయింట్ మేరీస్ చర్చిలో ఆయన ప్రసంగాల మీద ఆధారపడ్డ విద్యార్థులు, మిత్రులు ఎందరో. వాళ్ల విశ్వాసాన్ని కుదిపే హక్కు తనకుందా అన్నది నిజమైన బాధ.

రోమ్ మీద అభ్యంతరాలూ ఇంకా పోలేదు. దేవమాత పట్ల భక్తి, పునీతుల ప్రార్థనలు ఆదిమ సంఘంలో లేని చేర్పులేనని అప్పటికీ అనుకుంటున్నారు. ఐర్లండ్‌లోని మేనూత్ కథోలిక కళాశాలకు చెందిన చార్లెస్ రస్సెల్ వాదనకు దిగకుండా, 1842లో ఆయనకు కథోలిక పునీతుడు అల్ఫోన్సస్ లిగోరి ప్రసంగాల సంపుటి ఒకటి పంపారు. తాను ఊహించుకున్న అతిశయోక్తులు అందులో కనబడలేదు. అది చిన్న విషయమే గానీ, పట్టు సడలింది ఇలాంటి చోట్లే.

అడుగుల వరస ఇదీ: 1842 ఏప్రిల్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి లిటిల్‌మోర్ ఊళ్లోని పాత గుర్రపుశాలల్ని మార్చి కట్టిన గదుల్లోకి మకాం. 1843 ఫిబ్రవరిలో రోమ్ మీద తాను రాసిన కటువైన మాటల ఉపసంహరణ. ఆ ఆగస్టులో లిటిల్‌మోర్‌లో ఉంటున్న విలియం లాకార్ట్ కథోలిక సంఘంలో చేరడంతో ఇక సెయింట్ మేరీస్ వికారుగా (ఆ చర్చి గురువుగా) ఉండకూడదని న్యూమన్‌కు అనిపించింది. సెప్టెంబరు 18న రాజీనామా, 25న లిటిల్‌మోర్‌లో ఆంగ్లికన్‌గా చివరి ప్రసంగం. అయినా ఆక్స్‌ఫర్డ్‌లోని ఓరియల్ కళాశాల ఫెలోషిప్ వదులుకున్నది 1845 అక్టోబరు 3న. పదవుల కోసమే ఆగినవారైతే వికారు పదవిని రెండేళ్ల ముందే వదలరు.

మిగిలిన అడ్డు ఒక్కటే: రోమ్ ‘చేర్పుల’ మాటేమిటి? దానికి జవాబుగా 1845 మొదట్లో సిద్ధాంత వికాసం మీద గ్రంథం మొదలుపెట్టారు. సజీవమైన బోధ పెరుగుతుంది. ఆ పెరుగుదల సహజమా, వికృతా అని తేల్చడానికి ఏడు పరీక్షలు పెట్టారు. రాస్తుండగానే అనుమానం తీరిపోయింది. గ్రంథం అసంపూర్తిగానే అచ్చుకు వెళ్లింది.

అక్టోబరు 8 రాత్రి ఇటలీకి చెందిన కథోలిక గురువు డొమినిక్ బార్బేరి గుర్రపుబండి పైభాగాన కూర్చుని గంటల తరబడి జోరువానలో తడుస్తూ వచ్చారు. పొయ్యి దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటుండగా న్యూమన్ వచ్చి ఆయన పాదాల మీద పడి, సంఘంలో చేర్చుకోమన్నారు. ఆ రాత్రే పాపసంకీర్తనం మొదలైంది. మర్నాడు విశ్వాస ప్రమాణం, షరతుతో కూడిన జ్ఞానస్నానం. 10న ఉదయం దివ్యసత్ప్రసాదం.

గ్రంథాలమూల:
అందరికీ ధన్యవాదాలండీ. ‘షరతుతో కూడిన’ అంటే మొదటి జ్ఞానస్నానం చెల్లదనా? గురుపట్టం సంగతేమిటి?

పాతమహాసభలు:
చెల్లదని కాదు. సరిగ్గా జరిగిందో లేదో అన్న అనుమానానికి తావు లేకుండా, ‘ఇంతకుముందు పొంది ఉండకపోతే’ అన్న షరతు కలిపి ఇస్తారు. జ్ఞానస్నానం రెండుసార్లు ఇవ్వరు కాబట్టే ఆ షరతు. గురుపట్టానికి షరతు లేదు. 1847 మే 30న రోమ్‌లో కొత్తగానే పొందారు. ఆంగ్లికన్ పట్టాలు చెల్లవని పోపు 13వ లియో అధికారికంగా ప్రకటించింది 1896లో అయినా, ఆచరణ అంతకు ఎంతో ముందునుంచే ఉంది. వ్యాసంలో 1896ను 1847కు కారణంగా చూపకండి.

ఓరియల్_మెట్లు:
మూడో ప్రశ్న మిగిలిపోయింది. ‘అపోలోజియా’ ఒక్కటీ చాలదు. న్యూమన్ సత్యాన్ని లెక్కచేయరన్న రచయిత చార్లెస్ కింగ్స్‌లీ ఆరోపణకు జవాబుగా 1864లో, అంటే దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, రాసినది. 1839–41కి మూడో అధ్యాయం, 1841–45కి నాలుగోది చదవండి. 1864 ప్రతిలో మొదటి రెండు భాగాలు కింగ్స్‌లీతో తగవే, 1865లో వాటిని తీసేశారు. అధ్యాయాల సంఖ్యలు కుదరకపోతే కారణం అదే. ఒక్కో ఘటనను ఆయన ఉత్తరాలు, దినచర్యల సంపుటాలతో సరిచూడండి: 7వది 1839–40, 8వది 1842 ఏప్రిల్ దాకా, 9వది 1843 అక్టోబరు దాకా, 10వది చేరికకు మూడు రోజుల ముందు దాకా. సిద్ధాంత వికాస గ్రంథానికి 1845 ముద్రణే పట్టుకోండి. బజారులో ఎక్కువగా దొరికేది 1878 నాటిది; అందులో గ్రంథాన్ని బాగా తిరగరాశారు, ఏడు పరీక్షల వరస కూడా మారింది. దాన్ని చూసి 1845 నాటి మనసు ఇదీ అని రాస్తే తప్పులో కాలేసినట్టే.