ఇంగ్లాండ్‌లో డ్రేటన్ అనే ఊరు, నాన్న పాత ఫొటో – ఎవరైనా గుర్తుపడతారా?

ట్రంకుపెట్టె:
అందరికీ నమస్కారం. పోయిన నెల కాకినాడలో ఇల్లు సర్దుతుంటే నాన్న ట్రంకుపెట్టె అడుగున ఒక ఫొటో దొరికింది. నాన్న డాక్టర్, 80ల్లో మూడేళ్ళు ఇంగ్లాండ్‌లో ష్రాప్‌షైర్ అనే జిల్లాలో పనిచేశారు, నేను అప్పటికి పుట్టలేదు. ఫొటోలో నాన్న పక్కన అమ్మ, చీర మీద మగవాళ్ళ ఓవర్‌కోటు. వెనకాల గోడల్లేకుండా లావుపాటి స్తంభాల మీద నిలబడ్డ ఒక చిన్న మండపం లాంటి కట్టడం, దాని పైన గంట. ఫొటో వెనక నాన్న చేతిరాతతో "డ్రేటన్, బుధవారం" అని ఉంది, అంతే. నాన్న పోయి ఆరేళ్ళయింది, అడగడానికి లేదు. అమ్మనడిగితే "దాని పేరు నాకు నోరు తిరిగేది కాదే, మేం బుధవారం ఊరు అనేవాళ్ళం" అంటుంది. నెట్‌లో వెతికితే ఇంగ్లాండ్ నిండా డ్రేటన్‌లే. వచ్చే సెప్టెంబర్‌లో మాంచెస్టర్‌లో తమ్ముడి దగ్గరికి అమ్మని తీసుకెళ్తున్నాను, వీలైతే ఆ స్తంభాల దగ్గర ఆవిడని మళ్ళీ నిలబెట్టి ఇంకో ఫొటో తీయాలని ఉంది. ఇది ఏ ఊరో చెప్పగలరా?

లాకులదారి:
అమ్మగారు సగం చెప్పేశారండీ. అది మార్కెట్ డ్రేటన్. బుధవారం సంత అంటే అదే, పైగా ష్రాప్‌షైర్ అన్నారు కదా. నేను 2006 నుంచి మూడేళ్ళు దానికి దగ్గర్లోనే ఉన్నాను, మా పెద్దమ్మాయి మొదటి స్వెటర్ ఆ సంతలో కొన్నదే. మీరు మండపం అన్నది బటర్‌క్రాస్, 1842లో కట్టారు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు వెన్న, జున్ను, గుడ్లు తెచ్చి దాని నీడలో కూర్చుని అమ్ముకునేవాళ్ళు. గంట సంగతి వేరే. 1651లో ఒక బేకరీలో నిప్పు రాజుకుని ఊరంతా పాకి చాలా భాగం బూడిదైపోయింది, అప్పట్లో అన్నీ కర్ర ఇళ్ళే కదా. మళ్ళీ అలాంటిది జరిగితే జనాన్ని లేపడానికి ఆ గంట అని అక్కడివాళ్ళు చెప్తారు. నేనున్న మూడేళ్ళలో ఎవరూ కొట్టగా వినలేదు లెండి.

సంత మాత్రం నిజంగా పాతది. 1245లో మూడో హెన్రీ రాజు ఇచ్చిన అనుమతి పత్రంతో బుధవారం సంత మొదలైంది, ఇప్పటికీ బుధవారమే. మొదటిసారి నేను శనివారం వెళ్ళి, ఇంతేనా ఈ ఊరు అనుకుని వచ్చేశాను. బుధవారం వెళ్తే అదే వీధిలో కారు పెట్టడానికి చోటు లేదు. కూరగాయలు, కర్టెన్ గుడ్డలు, రబ్బరు బూట్లు, ఊరి చివర పశువుల సంత. రైతులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే యాస నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు, కానీ గేదె బేరమైనా ఆవు బేరమైనా చూస్తే తెలిసిపోతుంది, ఇద్దరూ అక్కర్లేనట్టు నటిస్తారు.

తినడానికైతే జింజర్‌బ్రెడ్. ఆ ఊరి పేరు దానితోనే మోగుతుంది, అల్లం ఘాటు బాగా తెలుస్తుంది, గట్టిగా కూడా ఉంటుంది. అక్కడ దాన్ని పోర్ట్ వైన్‌లో ముంచుకుని తింటారు. మా ఆవిడ టీలో ముంచేది, దానికే నేను ఓటేస్తాను.

రైలు 1963లోనే ఆగిపోయింది కాబట్టి మీ నాన్నగారు బస్సులోనో కారులోనో వెళ్ళి ఉంటారు. మీరూ అంతే. వెళ్తే మాత్రం బుధవారమే వెళ్ళండి.

చందుర్తి_కుర్రాడు:
మార్కెట్ డ్రేటన్ అనగానే ఆగిపోయాను. అది రాబర్ట్ క్లైవ్ ఊరు కదా! 1725లో ఆ పక్కనే స్టైచ్ అనే చోట పుట్టాడు, డ్రేటన్ బడిలో కొన్నాళ్ళు చదివాడు. కుర్రతనంలో చర్చి శిఖరం ఎక్కి రాతి తూము మీద కూర్చుని ఊరందరినీ హడలగొట్టాడని, తోటి పోకిరీలని పోగేసుకుని కొట్లవాళ్ళ దగ్గర ఆపిళ్ళూ చిల్లర డబ్బులూ వసూలు చేసేవాడని, ఇవ్వకపోతే కిటికీ అద్దాలు పగిలేవని కథ. కథే కావచ్చు, కానీ తర్వాత బెంగాల్లో చేసింది చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది.

నాకెందుకింత పట్టింపంటే మాది గొల్లప్రోలు మండలం చందుర్తి. 1758 డిసెంబర్‌లో ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ యుద్ధం జరిగింది మా ఊళ్ళోనే. విజయనగరం ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళతో చెడి క్లైవ్‌కి కబురు పెడితే, అతను బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఇక్కడ గెలిచి, మరుసటి ఏడాది మచిలీపట్నం కోట పట్టుకున్నారు. 1765లో క్లైవ్ మొగల్ పాదుషా దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా రాయించుకున్నాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి అన్నీ ఒక కాగితం మీద పోయాయి. క్లైవ్ మా ఊరు ఎప్పుడూ చూడలేదు, నేను వాళ్ళ ఊరు చూడలేదు. అక్కడ అతని గురించి ఏమనుకుంటారో లాకులదారి గారు చెప్తే వినాలని ఉంది.

లాకులదారి:
పెద్దగా ఏమీ అనుకోరు తమ్ముడూ, నిజం చెప్తున్నా. ఆ జిల్లా కేంద్రం ష్రూస్‌బరీలో నడిబొడ్డున విగ్రహం ఉంది, 2020లో తీసేయమని గొడవ జరిగింది కానీ తీయలేదు. డ్రేటన్‌లో నాతో మాట్లాడినవాళ్ళు వాన గురించీ పాల రేటు గురించీ తప్ప ఇంకేం మాట్లాడలేదు. సమాధి చూద్దామని ఒకసారి మోర్టన్ సే చర్చికి వెళ్ళాను, పల్లెటూరి చిన్న చర్చి. సమాధి ఎక్కడో గుర్తు కూడా లేదు, గోడకి ఒక ఇత్తడి పలక, అంతే. ఇంత దోచినవాడికి ఇంతేనా అనిపించింది, పక్కన గొర్రెలు మేస్తున్నాయి.

ధవళేశ్వరం_అక్క:
క్లైవ్‌ని అలా ఉంచండి బాబూ, ఇంకోటి ఉంది, ఎవరూ అనడం లేదు. ఆ 1245 అనుమతి రాజు ఇచ్చింది ఊరివాళ్ళకి కాదు, కాంబర్‌మియర్ మఠం సన్యాసులకి. డ్రేటన్ భూమి వాళ్ళదే. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక ఆ కాంబర్‌మియర్ ఒక కుటుంబం చేతికొచ్చింది, ఆ ఇంటిపేరు కాటన్. అవును, మన కాటన్ దొర తాతగారి ఇల్లది. సర్ ఆర్థర్ కాటన్ అక్కడ పెరిగారని నేనడం లేదు, ఆయన పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు, ఆ ఇంటికి వారసుడయ్యే ప్రశ్నే లేదు. కానీ ఆ వంశమే. మా ఊళ్ళో గోదారి స్నానంలో బ్రాహ్మలు ఆయన పేరు కూడా చెప్పి అర్ఘ్యం వదులుతారని మా నాయనమ్మ అనేది. సర్కారులు రాయించుకున్నవాడూ గోదారికి ఆనకట్ట కట్టినవాడూ ఒకే సంత చుట్టుపక్కల నుంచి తేలారు చూడండి.

@చందుర్తి_కుర్రాడు, మీ పొలాల మాటేమో గానీ మా డెల్టా అంతా రెండో ఆయన పుణ్యమే.

చందుర్తి_కుర్రాడు:
అక్కా, పుణ్యం అనకండి, శిస్తు బాగా వస్తుందని లెక్క చూసే కుంపినీ డబ్బులిచ్చింది. ఆయన మంచివాడు, కాదనను.

ధవళేశ్వరం_అక్క:
లెక్క చూసిన వాళ్ళు చాలామంది, కట్టినవాడు ఒక్కడు. సరే ఇక్కడితో ఆపుదాం, పాపం ఆవిడ ఫొటో గురించి అడిగారు.

లాకులదారి:
లాకుల మాట చెప్పడం మర్చిపోయాను, నా పేరే అది! డ్రేటన్ అంచునే కాలువ ఉంది, 1835లో తెరిచారు, టెల్ఫర్డ్ అనే ఇంజనీరు ప్లాన్. ఊరికి కొంచెం దక్షిణాన టైర్లీ దగ్గర వరసగా 5 లాకులు. చేత్తో తిప్పి తలుపులు తెరవడం, నీళ్ళు నిండేదాకా పడవలో కూర్చుని టీ తాగడం. మాది విజ్జేశ్వరం, ఆ వాసన వస్తే చాలు ఇంటికెళ్ళినట్టుండేది. అమ్మగారికి నడక పర్వాలేదంటే అక్కడికీ తీసుకెళ్ళండి.

ట్రంకుపెట్టె:
అందరికీ పేరుపేరునా థాంక్స్. బటర్‌క్రాస్ ఫొటోలు నెట్‌లో చూసి అమ్మకి చూపించాను, ఇదే ఇదే అంటూ ఫోన్ లాక్కుంది. క్లైవ్ సంగతి చెప్తే "అలాగా" అని ఊరుకుంది. కాటన్ దొర అనగానే లేచి కూర్చుంది. ఆవిడకి అక్కడ గుర్తున్నది డామ్సన్ పండ్లట, చిన్నగా నల్లగా పుల్లగా ఉంటాయట, ఒకప్పుడు ఆ ఊళ్ళో వాటికి ప్రత్యేకంగా సంతే జరిగేదని ఒక ముసలావిడ చెప్పిందట. చింతకాయ దొరక్క వాటిని కొని కారం, మెంతిపిండి, ఆవపిండి వేసి పచ్చడి పెట్టింది. నాన్న ఆస్పత్రికి పట్టుకెళ్తే ఒక నర్సు డబ్బాలో మిగిలిందంతా ఇంటికి తీసుకెళ్ళిపోయిందట, దాని గురించి ఇప్పటికీ కోపమే ఆవిడకి, డబ్బా కూడా తిరిగి రాలేదని.

సెప్టెంబర్లో అవి దొరుకుతాయా లాకులదారి గారూ? ఆవపిండి నేను ఇక్కడి నుంచి తీసుకెళ్ళాలా అని అడగమంటోంది.