బ్రిటన్ ఆసుపత్రుల్లో 'తల్లి' అనొద్దన్నారా? మా కౌంటర్‌కి వచ్చిన మర్యాదల కాగితం మీదా ఇదే గోల

కౌంటర్ నాలుగు (ప్రశ్న)

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఒక ప్రజాసేవల కౌంటర్‌లో పనిచేస్తున్నాను. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పింఛను దరఖాస్తులు, ఇలాంటివన్నీ మా దగ్గరికే వస్తాయి. షట్టర్ తీసేసరికే లైను ఉంటుంది.

ఈ మధ్య పైనుంచి మాకు ఒక కాగితం వచ్చింది. వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలన్న సూచనలు. అందరినీ 'మీరు' అనాలి. పింఛను కోసం వచ్చినవాళ్లను వాళ్ల వైకల్యం పేరుతో పిలవకూడదు. 'మీ ఆయన ఉన్నాడా, పోయాడా' అని లైను మొత్తానికి వినపడేలా అడక్కుండా, ఫారంలో ఆ గడి చూపించి రాయమనాలి. బుర్ఖా కనపడగానే హిందీలోకి మారిపోకుండా, ఏ భాషలో మాట్లాడమంటారో అడగాలి. ట్రాన్స్‌జెండర్లు ఏ పేరు చెబితే ఆ పేరుతోనే పిలవాలి. ఆడవాళ్లను వయసు చూసి 'ఆంటీ', 'ముసలమ్మ' అనొద్దు, పేరు పక్కన గారు చేర్చండి, లేదా అమ్మా అనండి, మేడమ్ అనండి అని ఉంది. అంతే.

ఎవరో దాన్ని ఫొటో తీసి బయటికి వదిలారు. ఒక యూట్యూబ్ చానెల్ 'ఆంటీ అంటే ఉద్యోగం ఊస్టింగ్!' అని ఎర్రక్షరాలతో వీడియో పెట్టింది. కాగితంలో ఉద్యోగం ప్రస్తావనే లేదు. వరసలు పెట్టి పిలుచుకునే మన సంప్రదాయాన్ని మంట కలుపుతున్నారని స్టూడియోలో ఒకాయన ఊగిపోయాడు. ఇంకొకాయన, ఇలాంటివి రాసేవాళ్లను ఎర్రగడ్డకు పంపాలన్నాడు. 'అమ్మా అనండి' అని అందులోనే ఉందన్న సంగతి ఒక్కరూ చెప్పలేదు.

ఇది చాలదన్నట్టు మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో ఇంకో వీడియో పెట్టాడు. బ్రిటన్ ఆసుపత్రుల్లో తల్లి, తల్లిపాలు అన్న మాటల్ని నిషేధించారట, రేపు ఇక్కడా అదేనట. అది నిజమేనా? రెండోది, మా సూపర్‌వైజర్ 'గోల ఎక్కువైతే కాగితం వెనక్కి తీసుకుంటారు, అప్పటిదాకా ఎవర్నీ ఏమీ అనకండి, టోకెన్ నంబర్ పిలవండి' అంటున్నారు. నాకేమో అందులో సగం మంచివే అనిపిస్తున్నాయి. ఇలాంటి కాగితాల గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

ఉస్మానియా బిస్కెట్

సర్వర్ డౌన్ అన్న సంగతి మీరు 'గారు' పెట్టి చెప్పినా, పెట్టకుండా చెప్పినా నా ఆదాయ సర్టిఫికెట్ మాత్రం రాలేదు మేడమ్. ముందు ఆ సర్వర్‌కి ఎవరైనా మర్యాద నేర్పండి.

పాత డెస్క్

తెలుగు పత్రికల డెస్కుల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బిస్కెట్ గారి బాధ న్యాయమైనదే కానీ అది వేరే చర్చ. మీ బాబాయిగారి వీడియో సంగతి చెబుతాను.

2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఆసుపత్రుల ట్రస్టు తన కాన్పుల విభాగానికి భాష గురించి సూచనలు ఇచ్చింది. కాన్పుకు వచ్చేవాళ్లలో తమను తాము ఆడవాళ్లుగా చెప్పుకోనివాళ్లూ కొద్దిమంది ఉంటారు కాబట్టి, 'తల్లి' అన్నచోట పక్కనే 'జన్మనిచ్చే వ్యక్తి' అని కూడా చేర్చండి అంది. పక్కన చేర్చండి అంది, తల్లిని తీసేయమనలేదు. మహిళల గురించిన మాటలు యథాతథంగా ఉంటాయనీ, ఎదుటి మనిషికి ఏ మాట తగితే అది వాడమనీ ఆ సూచనల్లోనే ఉంది. కొన్ని పత్రికలకు చేరేసరికి అదే తల్లిపాలకు నిషేధం అయిపోయింది. మీ బాబాయిగారి దగ్గరికి వచ్చింది ఆ ముక్కే, ఇన్నేళ్లకు.

ఇది ఎలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. రాత్రి ఏజెన్సీ కాపీ వస్తుంది. దూరపు ఊళ్లకు పోయే డాక్ ఎడిషన్ వెళ్లిపోయే టైమ్. శీర్షికకు ఇచ్చింది సింగిల్ కాలమ్. 'సిబ్బందికి సూచన' అని పెడితే, అందులో వార్తేముంది అని చీఫ్ సబ్ వెనక్కి కొడతాడు. 'నిషేధం' మూడే అక్షరాలు, కాలమ్‌లో సరిపోతుంది, కోపమూ తెప్పిస్తుంది. అసలు కాగితం తెప్పించి చదివేంత తీరిక ఆ వేళకి ఎవరికీ ఉండదు. మర్నాడు చానెళ్లవాళ్లు ఆ శీర్షిక మీద డిబేట్ పెడతారు. వాళ్లూ కాగితం చదవరు, ఎందుకంటే పత్రికలో వచ్చింది కదా.

బర్మింగ్‌హామ్ కథ ఇంకా పెద్దది. ఆ నగర కౌన్సిల్ 1997, 1998 చలికాలాల్లో జరిగే కార్యక్రమాలన్నింటినీ కలిపి ప్రచారం చేసుకోవడానికి 'వింటర్‌వల్' అని ఒక పేరు పెట్టుకుంది. దీపావళి, క్రిస్మస్, కొత్త సంవత్సరం, అన్నీ ఆ గొడుగు కిందే. క్రిస్మస్ చెట్టు ఉంది, దీపాలున్నాయి, క్రిస్మస్ అన్న మాటా ఉంది. అయినా 'క్రిస్మస్ పేరు మార్చేశారు' అన్న వార్త ఏటా డిసెంబర్‌లో మళ్లీ లేచేది. చివరికి డెయిలీ మెయిల్ తప్పు దిద్దుకుంటూ సవరణ వేసింది, 2011 నవంబర్‌లో. పదమూడేళ్లు! ఆ సవరణ ఎంతమంది చదివి ఉంటారంటారు?

ఇక మన సంగతి. మీ చేతిమీదుగా రోజూ వెళ్లే కుల ధ్రువపత్రాల్నే చూడండి. బీసీ-ఏ జాబితాలో 'వంశరాజ్' అని ఉంటుంది. 1995 దాకా అక్కడ 'పిచ్చిగుంట్ల' అని ఉండేది, ఆ పాత పేరు తొలగిస్తూ జీవో వచ్చింది. మంగలి దగ్గర నాయీబ్రాహ్మణ వచ్చింది. అంతకంటే ముందే, 1982లో, ధ్రువపత్రాల్లో 'హరిజన' అని రాయొద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఇవన్నీ ప్రభుత్వ కార్యాలయాల్లో ఏ మాట వాడాలన్న ఆదేశాలే. మీ కాగితం కన్నా గట్టివి కూడా. సంస్కృతి పోయిందని ఎవరూ స్టూడియోలో కూర్చుని అరవలేదు. అప్పటికి తెలుగులో ఇరవై నాలుగ్గంటల వార్తా చానెళ్లు లేవనుకోండి, అది వేరే విషయం.

అలాగని పైనుంచి వచ్చిన ప్రతి సూచనకూ తలూపమనను. 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ, బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి మాటను ఆధారం చేసుకుని, 'దళిత' అన్న మాట వాడకుండా షెడ్యూల్డ్ కులాలు అనండి అని టీవీ చానెళ్లకు సలహా పంపింది. దాన్ని తప్పుపట్టినవాళ్లలో ముందున్నది దళిత సంఘాలే. 1985లో కారంచేడు దళితుల ఊచకోత తర్వాత దళిత మహాసభ పుట్టిన నేల ఇది. వాళ్లు పోరాడి నిలబెట్టుకున్న పేరును, వాళ్లను అడక్కుండా మర్యాద పేరుతో తీసేయమంటే ఊరుకుంటారా? ఆ మాటను మా డెస్క్ ఎన్నడూ మానలేదు.

మీ కాగితంలో నాకు అన్నింటికన్నా నచ్చింది భర్త గడి గురించిన వాక్యం. ఏ మాట వాడాలన్న తంటా లేకుండా, అడిగే పద్ధతినే మార్చారు. ఎవరు రాశారో గానీ కౌంటర్ దగ్గర నిలబడి చూసిన మనిషే అయ్యుండాలి.

మలక్‌పేట మూడు చక్రాలు

పాత డెస్క్ గారూ, మాలాంటివాళ్ల మాట మీరు వదిలేశారు కాబట్టి నేను అందుకుంటాను. నాకు చిన్నప్పుడు పోలియో. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం క్యాంపులో డాక్టర్ ముందుకు వెళ్లేలోపు 'ఆ కుంటాయన ఫైలేది' అన్న కేక రెండు గదులు దాటి వినపడుతుంది. నాకు పేరుంది, ఆ ఫైలు మీదే రాసి ఉంది.

తర్వాత మమ్మల్ని ఆకాశానికి ఎత్తారు. 2015 డిసెంబర్‌లో ప్రధాని మన్‌కీ బాత్‌లో దివ్యాంగులు అన్నారు, మరుసటి ఏడాది కేంద్ర శాఖ పేరులోకీ ఆ మాట వచ్చింది. వికలాంగుల సంఘాలు చాలావరకు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. 2019లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ కూడా భారత్ మీద ఇచ్చిన పరిశీలనల్లో ఈ మాట వివాదాస్పదం అంది. నాలో దివ్యమైనది ఏదీ లేదు. వర్షం పడితే మా ఆఫీసు మెట్ల దగ్గర నన్ను ఇద్దరు ఎత్తుకుని పైకి చేర్చాలి, ఆ ఇద్దరూ దొరకని రోజు సెలవు పెట్టాలి. అయినా మా ఫ్రెండ్ ఒకడికి ఆ మాటే ఇష్టం, వాణ్ని నేను అలాగే అంటాను.

కౌంటర్ నాలుగు మేడమ్, మీ సూపర్‌వైజర్ గారికి ఒకటి చెప్పండి. ఈ కాగితాన్ని వెనక్కి తీసుకున్నా 2016 వికలాంగుల హక్కుల చట్టం వెనక్కి పోదు. అందులో 92వ సెక్షన్ ప్రకారం, నలుగురూ చూసేచోట వికలాంగుణ్ని కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. ఆ యూట్యూబాయన భయపడాల్సింది దీనికి. సూచనల కాగితానికి కాదు.

ఎర్రగడ్డ దగ్గరి ఇల్లు

స్టూడియోలో అన్న ఆ ఎర్రగడ్డ మాట గురించి మాత్రం. మా అన్నయ్య అక్కడి మానసిక చికిత్సాలయంలో మందులు తీసుకుంటాడు. ఆటో ఎక్కితే ఆసుపత్రి పేరు చెప్పడు, ఈఎస్ఐ దగ్గర దింపమని అక్కడినుంచి నడుస్తాడు. డ్రైవర్ అద్దంలోంచి చూసే చూపు వాడికి వద్దు. 1912 నాటి లూనసీ చట్టం పోయి 1987లో ఒకటి, 2017లో ఇంకొకటి వచ్చాయి. చట్టంలో మాటలు మారాయి, డిబేట్లలో జోకు మాత్రం మారలేదు.

లింగంపల్లి లోకల్

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను కాస్త అడ్డం పడతాను. మీడియా అబద్ధమే చెబుతుందని తీర్మానించేయకండి. 2022లో ఇంగ్లండ్ ఆరోగ్య సేవల వెబ్‌సైట్‌లో అండాశయ క్యాన్సర్ లాంటి పేజీల పరిచయంలోంచి 'మహిళలు' అన్న మాట తీసేసిన మాట నిజం. అప్పటి ఆరోగ్యమంత్రి సాజిద్ జావిద్ కూడా అది సరికాదన్నారు. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన ఒక పెద్దావిడ ఆ పేజీ చదివితే, ఇది నాకే చెబుతున్నారని ఎలా తెలుస్తుంది? జబ్బు గురించి చెప్పేటప్పుడు ముందు అర్థం కావాలి కదా.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఐటీ విభాగం కూడా 2022 డిసెంబర్‌లో అభాసుపాలైంది. వెబ్‌సైట్లలో, కోడ్‌లో వాడకూడని మాటల జాబితాలో 'అమెరికన్' కూడా పెట్టారు. పత్రికలు ఏకిపారేశాక, అది నిషేధం కాదని చెప్పుకుని, 2023 జనవరిలో ఆ పేజీనే తీసేశారు. అదీ 'సూచన'నే మరి. నా అనుభవంలో సూచన అన్నది అప్రైజల్ టైమ్‌కి రూలైపోతుంది. ఐటీలో ఉన్నవాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు.

పాత డెస్క్

లింగంపల్లి గారూ, క్యాన్సర్ పేజీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. బ్రైటన్‌లో మాటలు చేర్చారు, ఇక్కడ తీసేశారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి తిట్టడమే నాకు నచ్చనిది. తప్పును తప్పుగా రాస్తే దిద్దుకునేవాళ్లూ ఉంటారు. మన సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో మహిళల గురించి తీర్పుల్లో ఎలా రాయాలో చెబుతూ ఒక చేతిపుస్తకం తెచ్చింది. అందులో 'సెక్స్ వర్కర్' అన్న మాట, అక్రమ రవాణాకు బలైనవాళ్లకు సరిపోదని ఆ రంగంలో పనిచేసే సంస్థలు రాస్తే, నవంబర్‌కల్లా మార్చారు. ఆ మార్పు గురించి ఏ చానెల్‌లోనూ నేను డిబేట్ చూడలేదు.

పురానాపూల్

భాష అడగమన్నారే, అది బాగుంది. మా అమ్మ బుర్ఖా వేసుకుంటుంది, పుట్టింది నల్గొండలో, తెలుగు నాకన్నా బాగా మాట్లాడుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో అందరూ 'క్యా హోనా అమ్మా' అని మొదలుపెడితే ఈవిడ తెలుగులో జవాబిస్తుంది. అయినా వాళ్లు హిందీ మానరు! మా మామయ్య చార్మినార్ దగ్గరే పుట్టి పెరిగాడు, ఆయనకు తెలుగు చదవడం రాదు. ఆయన ముందు తెలుగు ఫారం పెట్టి సంతకం చేయమంటారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న సరిపోతుంది.

ట్రాన్స్‌జెండర్ల విషయానికొస్తే, నిజాం కాలం నాటి 1329 ఫస్లీ (అంటే 1919) చట్టం ఒకటి ఈ నగరంలో వాళ్ల పేర్లను రిజిస్టర్‌లో ఎక్కించి నిఘా పెట్టమనేది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. నిన్నమొన్నటి దాకా ఆ చట్టం ఉన్న ఊళ్లో, చెప్పిన పేరుతో పిలవండి అంటే ఎక్కువైపోయిందా?

కౌంటర్ నాలుగు

అందరికీ థ్యాంక్స్. బ్రైటన్ సంగతి బాబాయికి ఫార్వర్డ్ చేశాను. 'అన్నీ నువ్వే చదివావా' అని పెట్టి ఒక దండం ఎమోజీ వేశాడు. అంతకంటే ఆశించలేదు.

92వ సెక్షన్ ముక్క ప్రింట్ తీసి సూపర్‌వైజర్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, కాగితం గురించి ఏమీ అనలేదు గానీ, పింఛను ఫైళ్లు పేరు చూసి పిలవమని అటెండర్‌కి చెప్పారు. లింగంపల్లి గారి అప్రైజల్ భయం మా వాళ్లకూ ఉంది. తప్పు పలికితే మెమో ఇస్తారా అని రాతపూర్వకంగా అడగాలనుకుంటున్నాం.

భర్త గడి మాత్రం అనుకున్నంత తేలిక కాదు. చదవడం రానివాళ్లకు గడి చూపించి లాభం లేదు, మేమే అడిగి నింపాలి, వెనక లైను వింటూనే ఉంటుంది. అందుకని పక్కన ఒక కుర్చీ వేసి, అలాంటివాళ్లను అక్కడ కూర్చోబెట్టి మెల్లగా అడుగుతున్నాం. లైను ఆగుతోందని అరుపులు వస్తున్నాయి, వస్తే రానీ.

పురానాపూల్ గారూ, ఒక చిన్న సాయం. 'మీకు ఏ భాషలో చెప్పమంటారు' అని ఉర్దూలో ఒక లైను రాసి పంపగలరా? అద్దం మీద తెలుగు, హిందీ పక్కన అతికిద్దామని. మా దగ్గర ఉర్దూ రాయడం వచ్చినవాళ్లు ఎవరూ లేరు.