అప్‌డేట్: పెట్రోల్ గోల్ఫ్ కార్టా, ఎలక్ట్రిక్‌దా? తేలిపోయింది

సెకండ్‌హ్యాండ్‌లో పెట్రోల్ కార్ట్ తీసుకోవాలా, బ్యాటరీదా అని అడిగింది నేనే. 48 వోల్టుల ఎలక్ట్రిక్‌ది తీసుకున్నాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ఎత్తు ఎక్కిస్తూ ఒక్కో బ్యాటరీ వోల్టేజీ చూడండి" అన్న మాటే గట్టున పడేసింది. ఆరు 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. బండి ఆగి ఉన్నప్పుడు అన్నీ బుద్ధిగానే ఉన్నాయి, ఎత్తులో ఒకటి చతికిలపడింది. మెకానిక్ దాని మూతలు తీస్తే నీళ్లు తగ్గిపోయి లోపలి ప్లేట్లు బయటపడి కనిపించాయి. కొత్త సెట్టు ఖర్చు ధరలో తగ్గించాకే ఊఁ అన్నాం.

రెండిట్లో ఏది స్పీడని సలహాల్లో జరిగిన వాదనంతా మాకు అక్కర్లేకపోయింది. రోజంతా ఆపకుండా తిప్పేవాళ్లకైతే ఇప్పటికీ పెట్రోల్‌దే మేలంటాను, ఆ చప్పుడు భరించగలిగితే. ఎలక్ట్రిక్ తీసుకునేవాళ్లు డిస్టిల్డ్ వాటర్ ఫుల్ ఛార్జయ్యాకే నింపండి. ప్లేట్లు బయటపడితే మాత్రం అవి మునిగేంత వరకు ఛార్జింగ్‌కి ముందే పోయండి.